నవలలలో నిజ జీవితాలు: రచయితపై అమానత్ బాధ్యత

2024 నవంబర్ 4న ఫ్రాన్స్ దేశపు ప్రసిద్ధ సాహిత్య పురస్కారమైన గోంకూర్ బహుమతి అల్జీరియాలో పుట్టి పెరిగిన రచయిత కమాల్ దావూద్‌కు లభించింది. ఆ బహుమతి పొందిన నవల పేరు 'హూరీలు'. పేరు చూసి ఇదేదో స్వర్గ వర్ణన అని పాఠకులు భ్రమపడవద్దు. 1990 దశకంలో అల్జీరియాను రక్తసిక్తం చేసిన అంతర్యుద్ధమే ఆ నవలకు వస్తువు. బాల్యంలో గొంతు కోయబడి, చావు తప్పించుకుని, మాట పోగొట్టుకున్న ఒక యువతి తన కడుపులోని బిడ్డతో మనసులోనే సాగించే సంభాషణగా ఆ కథ నడుస్తుంది.

బహుమతి ప్రకటించిన కొద్ది రోజులకే అల్జీరియా టెలివిజన్‌లో ఒక మహిళ కనిపించింది. "ఆ నవలలోని కథ నాది" అన్నది ఆమె ఆరోపణ సారాంశం. తానూ బాల్యంలో అటువంటి మారణకాండ నుండే బ్రతికి బయటపడ్డానని, మనోవ్యాధుల వైద్యురాలైన రచయిత భార్య వద్ద సంవత్సరాల తరబడి చికిత్స పొందానని, తన కథ రాయడానికి ఒప్పుకోలేదని, అయినా తన వివరాలే నవలకెక్కాయని ఆమె చెప్పింది. దావూద్ ఈ ఆరోపణను ఖండించారు. ఇది కల్పిత రచన అని, ఆమె గాథ అల్జీరియాలో అందరికీ తెలిసినదేనని, తనపై కక్షగట్టిన ప్రభుత్వం ఆమెను వాడుకుంటున్నదని ఆయన వాదన. అల్జీరియాలోనూ, పారిస్‌లోనూ ఫిర్యాదులు దాఖలయ్యాయి. 2025 మే నెలలో అల్జీరియా ఆయనపై అంతర్జాతీయ అరెస్టు వారంట్లు జారీ చేసింది.

ఇందులో ఎవరిది నిజమో తేల్చడం మా పని కాదు. వార్త చేతికందగానే విచారించకుండా నమ్మవద్దని సూరా హుజురాత్ మనకు నేర్పుతున్నది. కాని ఈ వివాదం లేవనెత్తిన ప్రశ్న మాత్రం అల్జీరియాకు పరిమితం కాదు. ఒకరి బ్రతుకును మరొకరు కథగా మలచే హక్కు ఎంతవరకు? దీనిని మన పాఠకుల ముందుంచడం అవసరమని భావిస్తున్నాము.

పేరులేని మృతునికి పేరు

ఇదే రచయిత మొదటి నవల సంగతి ముందుగా చెప్పుకోవాలి. ఆల్బర్ట్ కామూ అనే ఫ్రెంచి రచయిత అల్జీరియాలోనే జన్మించాడు. 1942లో 'పరాయివాడు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల ప్రచురించాడు. 1957లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నవలలో మెర్సో అనే ఫ్రెంచి యువకుడు అల్జియర్స్ సముద్రతీరాన మండుటెండలో ఒక అరబ్బును కాల్చి చంపుతాడు. విచారణ జరుగుతుంది. కాని కోర్టులో చంపబడిన మనిషి గురించిన మాట కంటే, మెర్సో తన తల్లి చనిపోయినప్పుడు ఎందుకు ఏడవలేదన్న మాటే ఎక్కువగా నడుస్తుంది. ఆ అరబ్బుకు నవల మొత్తంలో పేరు లేదు. తల్లి లేదు, ఇల్లు లేదు. ప్రపంచమంతటా కళాశాలలలో పాఠ్యగ్రంథంగా చదివిన ఈ నవలలో ఆ లోటు చాలామందికి కనిపించలేదు.

డెబ్బై ఏళ్ళ తరువాత, 2013లో, దావూద్ 'మెర్సో - ఎదురు దర్యాప్తు' అనే అర్థం గల నవలతో దానికి జవాబిచ్చారు. మృతునికి మూసా అని పేరు పెట్టారు. అతని తమ్ముడు హారూన్ వృద్ధాప్యంలో కూర్చుని తన అన్న కథ, తన తల్లి కడుపుకోత చెబుతాడు. ఖుర్ఆన్ చదివేవారికి ఈ రెండు పేర్ల జత వెంటనే స్ఫురిస్తుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఫిరౌను దర్బారుకు వెళ్ళే ముందు, తనకంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకున్నారు. నవలలో సైతం నోరు మూగబోయిన మూసా పక్షాన హారూనే మాట్లాడతాడు.

ఆ నవలలో మరొక విశేషం ఉంది. అది కేవలం పరాయివారిని నిందించి ఊరుకోలేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చిన రోజులలోనే హారూన్ ఒక ఫ్రెంచి వానిని చంపుతాడు. విచారించిన అధికారికి ఆ హత్య తప్పుగా తోచదు. స్వాతంత్ర్యానికి ముందు ఎందుకు చంపలేదన్నదే అతని ఆక్షేపణ! అన్యాయానికి గురైనవాడు అన్యాయం చేయడానికి ఎంత సులభంగా సిద్ధపడతాడో అది చూపింది. ఆ కథకుడు మతం గురించి పలికే మాటలు మాకు సమ్మతం కావు. అయితే మాకు సమ్మతం కాని మాటలకు జవాబు మాటే కావాలి. 2014 డిసెంబర్‌లో అల్జీరియాలోని ఒక సలఫీ నాయకుడు ఈ రచయితకు మరణశిక్ష విధించాలని ప్రకటన చేశాడు. అటువంటి ప్రకటనల వల్ల ఇస్లాంకు ఒరిగిన మేలు ఏమీ లేదు. పుస్తకానికి పుస్తకంతోనే జవాబిచ్చిన సంప్రదాయం మనది.

మన ఇంటి ఉదాహరణలు

ఆ సంప్రదాయానికి ఉర్దూలోనే మంచి నిదర్శనముంది. ఆంగ్ల రచయిత వాల్టర్ స్కాట్ 1825లో సలీబీ యుద్ధాలపై 'టాలిస్మాన్' నవల రాశాడు. అందులో ముస్లింలను చిత్రించిన తీరుకు లక్నో రచయిత అబ్దుల్ హలీం షరర్ మనసు నొచ్చుకుంది. ఆయన కత్తి పట్టలేదు, కలం పట్టారు. 1888లో 'మలికుల్ అజీజ్ వర్జినా' అనే నవల వచ్చింది. ఉర్దూలో చారిత్రక నవలకు దారి తీసినది అదే. తరువాతి తరంలో నసీం హిజాజీ ఆ దారిని రాజబాట చేశారు. ముహమ్మద్ బిన్ ఖాసిం, టిప్పూ సుల్తాన్, గ్రనాడా పతనం - ఆయన ముట్టని ఘట్టం లేదు. మా తరంవారు దీపం వెలుతురులో ఆ నవలలు చదివి కన్నీరు కార్చినవారే.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. ఒకసారి మా వద్ద చదివే విద్యార్థి ఒకడు, హిజాజీ నవల 'దాస్తానె ముజాహిద్'లోని నాయకుడు నయీం జీవిత చరిత్ర ఏ తారీఖు గ్రంథంలో దొరుకుతుందని అడిగాడు. నయీం కల్పిత పాత్ర అని చెబితే ఆ పిల్లవాని ముఖం చిన్నబోయింది. తప్పు వానిది కాదు. ఏది రివాయతో ఏది కల్పనో వేరుచేసి చదవడం వానికి అంతవరకు మేము నేర్పలేదు.

ఇదే పొరపాటు మన చుట్టూ ఉన్న సమాజంలోనూ జరుగుతున్నది. సూఫీ కవి మలిక్ ముహమ్మద్ జాయసీ 1540లో 'పద్మావత్' కావ్యం రచించాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడును జయించినది 1303లో. అంటే కావ్యానికీ ఘటనకూ నడుమ రెండు వందల ముప్పై ఏళ్ళకు పైగా దూరం! ఆ దండయాత్రలో స్వయంగా పాల్గొన్న అమీర్ ఖుస్రో తన గ్రంథంలో పద్మిని పేరు చెప్పలేదు. అయినా 2018లో ఆ కథ సినిమాగా వచ్చినప్పుడు దేశమంతటా ఎంత గొడవ జరిగిందో పాఠకులకు తెలుసు. ఒక కవి కల్పనను చరిత్రగా నమ్మి కొందరు వీధులకెక్కారు. అదే కల్పనను ఆధారం చేసుకుని మరికొందరు నేటి ముస్లింలను అనుమానంగా చూశారు. కథను చరిత్ర అనుకుంటే చెల్లించవలసిన మూల్యం ఇది. మనకు వ్యతిరేకంగా జరిగినప్పుడు బాధపడే మనం, మనకు అనుకూలంగా ఉన్న నవలలనూ అదే గీటురాయిపై గీసి చూడాలి కదా!

కథ కథగా ఉన్నంతవరకు మన పూర్వులు దానిని ఆదరించారు. దివ్యఖుర్ఆన్ హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథను గాథలన్నిటిలో ఉత్తమమైనదిగా పేర్కొన్నది. అందులో అజీజ్ భార్య పేరు లేదు. ఆమెను జులేఖాగా ఎరిగినది తరువాతి కథల ద్వారానే. పారశీక కవి జామీ ఆమె ప్రేమగాథను మహాకావ్యంగా మలిచారు. మన దక్కనులో బీజాపూర్ కవి హాష్మీ దక్కనీలో రచించారు. ఉలమా ఈ కావ్యాలను చదివారు, ఆనందించారు. కాని కావ్యంలోని మాటను తఫ్సీరుగా బోధించలేదు. దైవప్రవక్త (స) పేరిట లేని మాట కల్పించేవానికి నరకాగ్ని హెచ్చరిక ఉన్నందున ఆ గడప వద్ద కల్పన ఆగిపోయింది. మాట చెప్పినవాడెవడు, అతనికి చెప్పినవాడెవడు అని గొలుసుకట్టుగా అడిగే ఇస్నాద్ విద్య పుట్టింది అందుకే.

నిజజీవితాన్ని నవల చేయడానికి మంచి మాదిరి కావాలంటే షంసుర్రహ్మాన్ ఫారూఖీ 2006లో వెలువరించిన 'కయీ చాంద్ థే సరే ఆస్మాన్' ఉన్నది. మహాకవి దాగ్ దెహెల్వీ తల్లి వజీర్ ఖానం దాని నాయిక. దాగ్ మన హైదరాబాదుకు చిరపరిచితుడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవితా గురువు. 1905లో ఇక్కడే కన్నుమూసి యూసుఫైన్ దర్గా ఆవరణలో విశ్రమించాడు. దాగ్‌ను ఎరుగనివారు లేరు. కాని ఆయన తల్లిని ఎందరు ఎరుగుదురు? ఆమె భర్త నవాబు షంసుద్దీన్ అహ్మద్ ఖాన్‌ను, విలియం ఫ్రేజర్ హత్య కేసులో ఆంగ్లేయులు 1835లో ఉరితీశారు. అప్పటికి దాగ్ నాలుగేళ్ళ పసివాడు. చరిత్ర అడుగున మిగిలిపోయిన ఆ స్త్రీని ఫారూఖీ గౌరవంగా లేవనెత్తి నిలబెట్టారు. ఆనాటి భాష, దుస్తులు, మర్యాదలు ప్రతిదీ శోధించి రాశారు.

మాట్లాడే హక్కు ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. మూసా ఒక నవలలోని పాత్ర. అతనికి పేరు పెట్టడం వల్ల ఎవరికీ గాయం కాలేదు. వజీర్ ఖానం కాలం చేసి ఎన్నో తరాలు గడిచాయి. కాని మూడవ సందర్భం వేరు. అక్కడ ఉన్నది బ్రతికి ఉన్న మనిషి. ఆమె రేపు ఉదయం బజారుకు వెళ్ళాలి. ఇరుగుపొరుగు చూపులను తట్టుకోవాలి.

షరీఅత్ ఇక్కడ ఎంతో సున్నితమైన గీత గీసింది. ఒక మనిషి గురించి అతనికి ఇష్టంలేని మాట అతని వెనుక చెబితే, అది నిజమైతే గీబత్, అబద్ధమైతే బుహ్తాన్ అని ప్రవక్త (స) వివరించారు. అంటే 'నేను చెప్పినది నిజమే కదా' అనే సాకు అక్కడ చెల్లదు. ఇక నవలలో సగం నిజం, సగం కల్పన ఉంటుంది. నిజమైన సగం వల్ల ఆ మనిషిని ఊరు గుర్తుపడుతుంది. కల్పించిన సగాన్ని కూడా ఆ మనిషికే అంటగడుతుంది. పేరు మార్చినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. ఇక నాలుగు గోడల నడుమ నమ్మకంతో చెప్పుకున్న మాట అమానత్ అని హదీసు బోధిస్తున్నది. వైద్యుడు విన్నా, ఉపాధ్యాయుడు విన్నా, స్నేహితుడు విన్నా అది అమానతే.

నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. 1992లో మొదలైన అల్జీరియా అంతర్యుద్ధంలో లక్షన్నర నుండి రెండు లక్షలమంది వరకు చనిపోయారని అంచనా. 2005లో జాతీయ సయోధ్య పేరిట ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఆ విషాదపు గాయాలను వాడుకుని ప్రభుత్వ వ్యవస్థల ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే మూడు నుండి అయిదేళ్ళ జైలు. హంతకులలో ఎందరికో క్షమాభిక్ష దొరికింది. ఆప్తులను పోగొట్టుకున్నవారికి మౌనం దొరికింది. 2024లో అల్జియర్స్ పుస్తక ప్రదర్శనకు దావూద్ ప్రచురణకర్తను రానివ్వలేదు. అటువంటి ప్రభుత్వం ఒక బాధితురాలి పక్షాన నిలిచానంటే సందేహం కలగడం సహజం. మౌనాన్ని చీల్చే నవల అవసరమే అన్న వాదనలోనూ బలం ఉన్నది.

అయితే ఈ రెండింటి నడుమ మనకు దారి చూపేది సూరా నిసాలోని ఒక ఆదేశం. చెడును బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవానికి తప్ప - ఇది ఆ ఆదేశపు భావం. గమనించండి! నోరు విప్పే హక్కును అల్లాహ్ మజ్లూముకు ఇచ్చాడు. దానిని లాక్కునే అధికారం ప్రభుత్వానికి లేదు. అలాగే ఆ హక్కును మజ్లూము అనుమతి లేకుండా తన చేతిలోకి తీసుకునే అధికారం రచయితకూ లేదు. చెప్పాలని కోరితే ఆమె గొంతు నొక్కకూడదు. చెప్పవద్దని కోరితే ఆమె గొంతు అరువు తీసుకోకూడదు. ఆ మహిళ ఆరోపణ నిజమని కోర్టులు తేల్చినా, కాదని తేల్చినా ఈ సూత్రం మారదు.

ఈ మాట పారిస్ రచయితలకు మాత్రమే కాదు. మన తెలుగు ముస్లిం యువతీ యువకులు నేడు కథలు రాస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయం. మన గల్లీల బ్రతుకులు, దూద్ బావులు, గల్ఫ్‌కు వెళ్ళినవారి ఎదురుచూపులు, తలాక్ పొందిన అక్కచెల్లెళ్ళ కష్టాలు మనం రాయకపోతే ఎవరు రాస్తారు? తప్పక రాయాలి. కాని కలం పట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి. ఈ సంగతి నాకు ఎలా తెలిసింది, నమ్మకంతో చెప్పినదా? ఈ కథ చదివితే ఆ మనిషిని ఊరు గుర్తుపడుతుందా? గుర్తుపడితే ఆమె తల ఎత్తుకుంటుందా, దించుకుంటుందా?

ఈ మూడింటికీ నిర్భయంగా జవాబు చెప్పగలిగిన రచన సమాజానికి మేలు చేస్తుంది. చెప్పలేకపోతే, కాగితం మీద ఎంత అందంగా ఉన్నా అది మరొకరి సొత్తు. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమన్న ఆజ్ఞ డబ్బు దస్కానికి మాత్రమే వర్తించదు, మనుషుల గుట్టుకూ వర్తిస్తుంది. మన కలాలకు ఆ ఎరుకను ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.