గవ్వలు ఎవరివి?

'సముద్రం దగ్గరికెళ్తున్నారుగా, నాలుగు గవ్వలు తెండి. అష్టాచెమ్మాకి పనికొస్తాయి' అంది అమ్మ, మేం డిసెంబరులో అండమాన్ బయల్దేరుతుంటే. మా ఎనిమిదేళ్ల పాప ఆ మాట గట్టిగా పట్టుకుంది.

అండమాన్ వెళ్లినవాళ్లంతా తప్పక చెప్పేది రాధానగర్ బీచ్ గురించి. ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని 2004లో 'టైమ్' పత్రిక మెచ్చుకున్నది దీన్నే. పోర్ట్‌బ్లెయిర్ నుంచి (2024లో శ్రీవిజయపురంగా పేరు మార్చారు) ఓడలో రెండు రెండున్నర గంటలు వెళ్తే హేవ్‌లాక్ దీవి వస్తుంది. బ్రిటిష్ సేనాని పేరుతో ఉన్న ఈ దీవి 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. ఊళ్ల పేర్లు మాత్రం మొదట్నుంచీ మనవే... గోవిందనగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్! దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. వాళ్లు వెలిగించిన దీపాలే ఈ ఊళ్లు.

రేవు నుంచి బీచ్‌కి పన్నెండు కిలోమీటర్లు. నాలుగింటికి చేరాం. ఒకవైపు నిటారుగా పెరిగిన పెద్ద పెద్ద చెట్లు, ఇంకోవైపు పిండిలాంటి తెల్లటి ఇసుక, మధ్యలో రెండు కిలోమీటర్ల తీరం. 'తొందరేముంది' అనుకుంటూ నీళ్లలో దిగామో లేదో, అయిదింటికల్లా సూర్యుడు మునిగిపోయాడు! మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అది మన కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. అండమాన్ అక్కడికి పదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాలకు పైగా ముందే పొద్దుగూకుతుంది. వెళ్లేవాళ్లు మూడింటికే చేరుకోవడం మంచిది.

చీకటి పడుతుండగా పాప కేకేసింది. 'నాన్నా, ఇది నడుస్తోంది!' అని. తను ఏరి గౌను జేబులో వేసుకున్న గుల్లల్లో ఒకదానికి కాళ్లొచ్చాయి. సన్యాసి పీత! దాని పొట్టభాగం మెత్తగా ఉంటుంది. చచ్చిన నత్తల గుల్లలో దూరి ప్రాణం కాపాడుకుంటుంది. ఒళ్లు పెరిగినకొద్దీ ఇంకాస్త పెద్ద గుల్ల వెతుక్కుంటుంది, మనం అద్దె ఇల్లు మారినట్టు. ఖాళీ గుల్ల దొరక్క ప్లాస్టిక్ సీసా మూతల్లో తలదాచుకున్న పీతల్ని ప్రపంచంలో చాలా తీరాల్లో శాస్త్రవేత్తలు చూశారు. మనం 'ఊరికే పడుంది కదా' అని జేబులో వేసుకునే ప్రతి గుల్లా దానికి ఒక ఇల్లన్నమాట.

పగడాల సంగతీ అంతే. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. తీరాన దొరికిన ముక్కే కదా అని పెట్టెలో పెట్టుకోకూడదు.

పాప జేబు మొత్తం ఇసుకలో గుమ్మరించింది. కానీ ముఖం చిన్నబోయింది. నానమ్మకేం చెప్పాలి?

ఇంటికొచ్చాక భయపడుతూనే జరిగిందంతా చెప్పింది. అమ్మ నవ్వి, 'పోన్లే తల్లీ, వాటి ఇల్లు మనకెందుకు? వంటింట్లో చింతపిక్కలు లేవూ' అంటూ నాలుగు గింజలు అరగదీయడానికి గడప దగ్గర కూర్చుంది.