కాల్‌బాయ్ తట్టిన తలుపులు

సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
బిలాస్‌పూర్.



మా నాన్నగారు ఈ ఊళ్లో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగానికి 2022లో ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, మా ఇంట్లో ఇప్పటికీ గార్డే. నా చిన్నప్పుడు ఏ అర్ధరాత్రో క్వార్టర్ తలుపు చప్పుడయ్యేది. కాల్‌బాయ్ ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో కాల్‌బుక్కు పట్టుకుని నిలబడి ఉండేవాడు. డ్యూటీకి రెండు గంటల ముందే ఆ పిలుపు రావాలి. నాన్న నిద్రకళ్లతో సంతకం పెట్టేవారు, అమ్మ స్టవ్వు వెలిగించి క్యారేజీ సర్దేది. రన్నింగ్ స్టాఫ్ ఇళ్లన్నీ స్టేషనుకు దగ్గరగా ఎందుకుండేవో మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంటికీ డ్యూటీకీ మధ్య దూరం తగ్గించడం రైల్వేకి ఎప్పటినుంచో తెలిసిన విద్య. ఆ ధైర్యంతోనే ఒకటి అడుగుతున్నాను. ఫైళ్ల మీద పనిచేసే సిబ్బందికి, వాళ్లు కోరుకుంటే, వారంలో రెండు రోజులు ఇంటినుంచి పనిచేసే వీలు కల్పించండి.

ఈ మాట నా అనుభవంలోంచి వచ్చింది. మా తాత పార్వతీపురం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఖలాసీగా ఇక్కడికొచ్చాడు. ఆయనలాగే ఎందరో తెలుగువాళ్లు ఈ రైలుపట్టాల వెంటే వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. మూడో తరం వాళ్లం మళ్లీ మూట సర్దుకుని హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయాం. తోర్వాలో, బుధవారీ బజార్ చుట్టుపక్కల పెద్దవాళ్లు మిగిలారు. విశాఖ నుంచి కోర్బా వెళ్లే లింకు ఎక్స్‌ప్రెస్‌లో చుట్టాలొస్తే వాళ్లకి పండగ.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 2020 మార్చిలో కరోనా వల్ల రైళ్లు ఆగిపోయే ముందు ఇల్లు చేరుకున్నాను. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు తోర్వాలోని మా ఇంటి వెనకగదే నా ఆఫీసు. మే నెలలో బిలాస్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. కూలరు ముందు కూర్చుని పనిచేశాను, నా పని ఒక్కరోజు కూడా వెనకబడలేదు. అమ్మకి షుగరు మాత్రలు నా చేత్తో ఇచ్చాను. నాన్నకి కంటి ఆపరేషనైతే చుక్కలు వేసి, వెళ్లి మీటింగులో కూర్చునేదాన్ని. పెళ్లయిన పదేళ్లలో నేను అమ్మానాన్నల దగ్గర అన్ని రోజులున్నది అప్పుడే.

తర్వాత మా కంపెనీ అందరినీ వెనక్కి రమ్మంది. నేను వెళ్లిన మూడో నెలలో అమ్మ స్నానాలగదిలో జారిపడింది. ఎదురింటి అక్క పరుగెత్తుకొచ్చి ఎత్తింది, ఆస్పత్రిలో రెండు రోజులు కాపలా కాసింది. ఆమె ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా. మా అమ్మ కోసం, మంచం పట్టిన తన అత్తగారి కోసం, పిల్లాడి జ్వరం కోసం ఆమె సెలవులన్నీ అలాగే కరిగిపోయాయి. చేసే పనేమో చాలావరకు కంప్యూటర్ మీదే. ఆ రెండు రోజులూ ఆమె బల్ల మీది ఫైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అలా ఫైళ్లు ఆగకుండా నడిపించే ఏర్పాటు రైల్వే దగ్గర ఉంది. ఫైళ్లను కంప్యూటర్ మీదే నడిపే ఈ-ఆఫీసు రైల్‌టెల్ సాయంతో వచ్చింది. పాసు కోసం దరఖాస్తు పట్టుకుని కిటికీ ముందు నిలబడే అవస్థ 2020 ఆగస్టులో ఈ-పాస్ రావడంతో తప్పింది. 2022 జనవరిలో కేంద్రం గర్భిణులకూ దివ్యాంగులకూ కార్యాలయానికి రాకుండా ఇంటినుంచే పనిచేసే వెసులుబాటు ఇచ్చింది. జబ్బు భయంతో చేయగలిగినది, మామూలు రోజుల్లో అవసరాన్ని చూసి చేయలేమా?

ఇంటి దగ్గరుంటే పని చేయరని అధికారులకు ఉండే అనుమానం న్యాయమైనదే. దాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మంది మీద స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు చేసిన పరిశోధన 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటినుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడోవంతు తగ్గారు, ముఖ్యంగా ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చిపోయేవాళ్లలో. అది ప్రైవేటు కంపెనీ కదా అంటారేమో. అమెరికా పేటెంటు కార్యాలయం సర్కారీదే. అక్కడి పరిశీలకులను ఎక్కడినుంచైనా పనిచేయనిస్తే, ఇంటినుంచి చేస్తున్న రోజులకంటే కూడా పని 4.4 శాతం పెరిగిందని తేలింది.

అసలు చిక్కుప్రశ్న మా నాన్నే వేశారు. “లోకో పైలట్‌కి లేదు, కీమ్యాన్‌కి లేదు. నీడపట్టున కూర్చునేవాడికి ఇంకా సుఖమెందుకే?” అన్నారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. రెండు రోజులాగి ఆయనే ఒక సంగతి చెప్పారు. ఒకసారి రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా, తన అలవెన్సు కాగితం ఏమైందో కనుక్కుందామని ఒక ఆఫీసుకు వెళ్లారట. సంబంధిత గుమస్తా తల్లికి బాగోలేక సెలవులో ఉన్నాడు. మళ్లీ వారం తర్వాత వెళ్లాల్సి వచ్చింది. “ఆ కుర్రాడు వాళ్లమ్మ పక్కన కూర్చునే ఆ కాగితం పంపగలిగుంటే మా ఇద్దరికీ బాగుండేది కదమ్మా” అన్నారు. ఆయన ఒప్పుకున్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అయినా ఆయన ప్రశ్న పూర్తిగా తీరలేదు. పట్టాల మీదా బండి మీదా ఉండేవాళ్లకి ఇంటినుంచి పని ఎప్పటికీ కుదరదు. వాళ్లకి తప్పని వారపు విశ్రాంతి, ప్రశాంతంగా పడుకోగలిగే రన్నింగ్ రూములు ఈ ఏర్పాటుతోపాటే కావాలి. కొత్తగా చేరినవాళ్లు పెద్దవాళ్ల పక్కన కూర్చునే పని నేర్చుకుంటారు, వాళ్లు రోజూ రావడమే మంచిది. రెండు గదుల క్వార్టర్లో నలుగురున్న ఇల్లాలికి ఆఫీసే కాస్త ఊపిరి కావచ్చు. అందుకే వారమంతా అని గానీ, అందరూ అని గానీ అడగడం లేదు.

మూడు డివిజన్ల కాగితాలు చేరే కార్యాలయం మీది. ఏదో ఒక్క శాఖలో ఆరు నెలలు చేసి చూడండి. ఏ ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో ఈ-ఆఫీసులోనే నమోదవుతుంది, అంతకుముందు ఆరు నెలలతో పోల్చి చూడండి. ఆలస్యం పెరిగితే ఆపేయండి, నేను మళ్లీ అడగను. తగ్గితే, ఆ లెక్క నాకూ ఒకటి పంపండి. మా కంపెనీ వాళ్లకి చూపించుకోవాలి. అమ్మకి ఇప్పుడు చేతికర్ర వచ్చింది.

ఇట్లు,
తోర్వాలో ఒక గార్డు గారి అమ్మాయి