ఆ కుళాయి ఒక్కసారి విప్పి చూడండి

పెళ్లిళ్లలో మజ్జిగ పోసే పెద్ద స్టీల్ డ్రమ్ము చూసే ఉంటారు. పీచుతో తోమి తోమి అద్దంలా మెరిపిస్తారు. మరి దాని కింద ఉన్న కుళాయి? దాని లోపల ఎవరైనా తోముతారా? చెయ్యి పట్టదు, పీచు దూరదు. గ్లాసులో అప్పుడప్పుడూ వచ్చే ఆ పాత పులుపు వాసన డ్రమ్ముది కాదు బాస్, ఆ కుళాయిది.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు ఉన్న తలనొప్పి అచ్చంగా ఇదే. ఈ వారం ముచ్చట దాని గురించే.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం, లేకపోతే కొందరు ఇప్పుడే ఆన్‌లైన్‌లో కెటిల్ ఆర్డర్ పెట్టేస్తారు! అమెరికాలో ఇంటి బీరుకు ఫెడరల్ చట్టం ఒప్పుకున్నది 1978లో. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ అక్టోబరులో సంతకం పెట్టారు, 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200. తాగొచ్చు, పంచుకోవచ్చు, అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. మన దగ్గరైతే లైసెన్సు లేకుండా కాచడం ఎక్సైజ్ నేరం. కాబట్టి మాదాపూర్ ఫ్లాట్ బాల్కనీలో ప్రయోగాలు వద్దు. ఈ ముచ్చట అక్కడ గరాజ్‌లో గ్యాస్ బర్నర్ పెట్టుకున్న మన అన్నలకు, అక్కలకు. మిగతావాళ్లు మజ్జిగ డ్రమ్మును మనసులో పెట్టుకుని చదవండి, పనికొస్తుంది.

బీరు కాచడం అంటే క్లుప్తంగా ఇదీ. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా ఆడించి, 65 - 68 డిగ్రీల వేడినీళ్లలో ఓ గంట నానబెడతారు. తియ్యటి కషాయం లాంటిది వస్తుంది. దాని పేరు వర్ట్. దాన్ని హాప్స్ పూలు వేసి ఇంకో గంట మరిగిస్తారు. చల్లార్చి, ఈస్ట్ కలిపి, మూత పెట్టి వదిలేస్తారు. మామూలుగా ఒక విడతకు 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. అంత వేడి గిన్నెను ఎత్తి వంచడం ఎవరి వల్లా కాదు. అందుకే కెటిల్ అడుగున కన్నం పెట్టి కుళాయి బిగిస్తారు. కథ అక్కడే మొదలవుతుంది.

గంటసేపు మరిగితే క్రిములన్నీ చస్తాయి కదా అంటారు. గిన్నెలో ఉన్నవి చస్తాయి, నిజమే. కానీ కుళాయి గిన్నె బయట ఉంటుంది. అందులో బాల్ వాల్వ్ ఉంటుంది. అంటే మధ్యలో కన్నం ఉన్న ఒక ఉక్కు గుండు. హ్యాండిల్ తిప్పితే గుండు తిరుగుతుంది. ఆ గుండుకీ, చుట్టూ ఉన్న డొక్కుకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ప్రతిసారీ నాలుగు చుక్కలు అక్కడే ఇరుక్కుపోతాయి. చక్కెర, ప్రొటీన్, హాప్స్ ముక్కలు... క్రిములకు ఇంతకన్నా విందు ఏముంటుంది? పైగా మరిగించిన వర్ట్ చల్లారాక, అంటే ఏ క్రిమినైనా సుఖంగా పెంచే స్థితికి వచ్చాక, ఆ దారిలోంచే బయటికి వస్తుంది. అక్కడ ఒక్క పులుపు బ్యాక్టీరియా కాపురం పెట్టినా రెండు వారాల శ్రమ, డబ్బు సింకు పాలే. 'నాకెప్పుడూ ఏమీ కాలేదు' అనేవాళ్లు ఉంటారు. కుళాయి విప్పి చూడమనండి, ఆ తర్వాత మాట్లాడదాం.

మన ఇళ్లలో దీనికి జవాబు ఎప్పుడో ఉంది. అమ్మ కుక్కర్ మూత కడిగేటప్పుడు ఏం చేస్తుంది? గ్యాస్కెట్ ఊడదీస్తుంది, విజిల్ తీసేస్తుంది, విడివిడిగా కడుగుతుంది. ఊడి వచ్చేదే శుభ్రపడుతుంది. కెటిల్‌కీ అదే సూత్రం.

అన్నిటికన్నా చవక దారి వెల్డింగ్ లేని ఫిట్టింగ్. కన్నంలోంచి మరగొట్టం దూర్చి, సిలికాన్ ఓ-రింగ్ వేసి, రెండోవైపు నట్టు బిగించడమే. రెండు రెంచీలుంటే మొత్తం ఊడి వచ్చేస్తుంది. చిక్కల్లా ఓ-రింగ్ వెనక కూడా మడ్డి చేరడం. అంటే కాచిన ప్రతిసారీ విప్పాలి. మొదటి నెల అందరూ విప్పుతారు. మూడో నెల నుంచి 'ఈసారికి పోన్లే' మొదలవుతుంది.

వెల్డింగ్ చేయించుకుంటే గోడ దగ్గర కారదు. కానీ లోపల మరలు ఉంటాయి, మరల్లో మడ్డి ఉంటుంది. కుళాయి విప్పి బిగించిన ప్రతిసారీ టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టాలి. నాకైతే ఇది డబ్బు పెట్టి బద్ధకాన్ని కొనుక్కోవడం.

నా ఓటు ట్రై-క్లాంప్‌కి. పాల డెయిరీల్లో వాడే పద్ధతి ఇది. కెటిల్‌కి నున్నటి అంచున్న చిన్న గొట్టం అతికించి ఉంటుంది. కుళాయికీ అలాంటి అంచే. మధ్యలో గ్యాస్కెట్, చుట్టూ చేత్తో తిప్పే క్లాంప్. మరలు లేవు, టేపు లేదు, రెంచీ అక్కర్లేదు. అర నిమిషంలో కుళాయి చేతిలోకి వస్తుంది. కొనేటప్పుడు ఒక తికమక ఉంది. 1 అంగుళం, ఒకటిన్నర అంగుళం గొట్టాలు రెండిటికీ బయటి అంచు ఒకటే, 50.5 మిల్లీమీటర్లు. క్లాంప్ రెండిటికీ పడుతుంది, గ్యాస్కెట్ మాత్రం లోపలి కొలతను బట్టి తీసుకోవాలి. కుళాయి కూడా మూడు ముక్కల బాల్ వాల్వ్ తీసుకోండి. నాలుగు బోల్టులు తీస్తే నడుము భాగం విడిపోతుంది, గుండు బయటికి వస్తుంది. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫొటో కొట్టండి. తెల్ల సీళ్లు ఏది ఎటువైపో తర్వాత గుర్తుండదు.

కన్నం మీరే పెట్టుకుంటారా? స్టెప్ బిట్ వాడండి, డ్రిల్ నెమ్మదిగా తిప్పండి, నూనె చుక్కలు వేస్తూ ఉండండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని వేగంగా రాపాడిస్తే అది ఇంకా గట్టిపడి బిట్‌నే తినేస్తుంది. అంచు ఆకురాయితో నున్నగా చెయ్యకపోతే ఓ-రింగ్ కోసుకుపోతుంది. తర్వాత రెండు పరీక్షలు. ముందు చన్నీళ్లు పోసి కారుతుందేమో చూడాలి, ఆ తర్వాత నీళ్లు మరిగించి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు కారని కీలు వేడికి కారొచ్చు. అన్నట్టు మీ కెటిల్ చిన్నదై, మీరు 10 లీటర్ల లోపే కాచేవాళ్లైతే కన్నమే వద్దు. చల్లారాక సైఫన్ గొట్టంతో తోడుకోండి. లేని కుళాయిని కడగక్కర్లేదు కదా.

ఇక భయపడాల్సిన సంగతి. సులువుగా ఊడేది పొరపాటున కూడా సులువుగానే ఊడుతుంది. గిన్నెలో వర్ట్ ఉండగా క్లాంప్ మీద చెయ్యి వెయ్యకండి. కొంచెం కారుతోందని బిగించబోయి అటు తిప్పాల్సింది ఇటు తిప్పితే, 19 లీటర్ల మరిగే ద్రవం నేరుగా కాళ్ల మీదికే వస్తుంది. అది నీళ్లలాగా జారిపోదు. బెల్లం పాకం ఒంటి మీద పడితే ఎలా అంటుకుని కాలుస్తుందో అలా ఉంటుంది. కారుతోందా? ముందు మంట ఆపండి. పూర్తిగా చల్లారనివ్వండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకునే కాచండి. పిల్లలు గరాజ్‌లోకి రాకుండా తలుపు వేసి ఉంచండి.

కడగడం సంగతికొస్తే, పని అయిన వెంటనే నీళ్లు పోసి కుళాయిలోంచి వదలండి. ఎండితే పని రెట్టింపు. తర్వాత ఆక్సిజన్ రకం క్లీనింగ్ పొడి వేడినీళ్లలో కలిపి, హ్యాండిల్‌ని సగానికి, 45 డిగ్రీల దగ్గర ఆపి వదిలితే గుండు చుట్టూ ఉన్న ఖాళీలోకి కూడా నీళ్లు వెళ్తాయి. పూర్తిగా తెరిస్తే వెళ్లవు. విప్పే ఓపిక లేని రోజు కనీసం ఇదైనా చెయ్యండి. బ్లీచ్ మాత్రం స్టీల్‌కి వాడొద్దు, క్లోరిన్ దాన్ని చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. అల్యూమినియం గిన్నె అయితే కాస్టిక్ ఉన్న పొడుల జోలికి పోకండి.

కుళాయి కొన్న రోజే గ్యాస్కెట్లు, ఓ-రింగులు రెండేసి ఎక్కువ తీసుకుని ఓ జిప్ కవర్లో వేసి కెటిల్ హ్యాండిల్‌కే కట్టేయండి. అవి తెగేది మాత్రం ఎప్పుడూ ఆదివారం సాయంత్రం, షాపు మూశాకే.