ట్విస్టు దాచినంత మాత్రాన థ్రిల్లర్ అయిపోదు

థ్రిల్లర్ సినిమా విడుదలైన ప్రతిసారీ ఒక విన్నపం వినిపిస్తుంది: దయచేసి ట్విస్టు బయటపెట్టకండి అని. అందులోని ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. ఎంతో శ్రమపడి అల్లుకున్న కథ ఎవరో పెట్టిన రెండు వాక్యాల పోస్టుతో తేలిపోకూడదని ఏ దర్శకుడికైనా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి అదే మాట వినీ వినీ, థ్రిల్లర్ అంటే చివరి పది నిమిషాల దాకా మూత తీయని ఒక రహస్యమనీ, ఆ మూత తీశాక సినిమాలో ఇంకేమీ మిగలదనీ మనం నమ్మడం మొదలుపెట్టాం. రాసేవాళ్లు కూడా అదే నమ్మి, ముందు ట్విస్టు అనుకుని తర్వాత దాని చుట్టూ కథ కడుతున్నారు. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. ఏ సంగతి ముందు ఎవరికి తెలియాలి, ప్రేక్షకుడికా, పాత్రకా, ఇద్దరికీ ఒకేసారా, తెలిశాక ఎంతసేపు వాళ్లను అలా ఉంచాలి అన్న లెక్కలోనే థ్రిల్లర్ ప్రాణం ఉంది. ఈ లెక్క నేర్చుకుంటే వచ్చే విద్య. తీసేవాళ్లే కాదు, చూసేవాళ్లు కూడా దాన్ని నేర్చుకోవాల్సిన అవసరం ఉందని నా వాదన.

ఈ విద్య మనకు బయటినుంచి వచ్చిందేమీ కాదు. కీచక వధ ఘట్టాన్నే చూడండి. విరాటుడి కొలువులో ఎవరు ఏ మారువేషంలో ఉన్నారో కథ వినే ప్రతివాడికీ తెలుసు. చీకటి పడ్డాక నర్తనశాలకు రమ్మని సైరంధ్రి చెప్పిన మాట నమ్మి కీచకుడు అలంకరించుకుని బయలుదేరతాడు. అక్కడ పడుకుని ఉన్నది భీముడని మనకు తెలుసు, అతనికి తెలియదు. తిక్కన విరాటపర్వం చదివినా, వీధినాటకంలో చూసినా, 1963 నాటి ‘నర్తనశాల’ సినిమాలో ఎస్వీ రంగారావు నడిచి వెళ్తుంటే చూసినా ఆ కొద్దిసేపు ఊపిరి బిగపట్టించేది ఈ తేడాయే. కథ తెలియనివాడు హాల్లో ఒక్కడు కూడా ఉండడు. అయినా ఉత్కంఠ తగ్గదు, సరికదా, తెలిసినందువల్లే పెరుగుతుంది. కీచకుడి నవ్వూ, నగలూ, నడకలోని ఠీవీ అన్నీ మనకు వేరే అర్థంతో కనిపిస్తాయి. విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’ మరింత స్పష్టమైన ఉదాహరణ. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుడి చేతికి చిక్కడం, ఆ ముద్రతో ఒక దొంగ ఉత్తరం తయారు కావడం మొదటి అంకంలోనే మన కళ్లెదుట జరిగిపోతాయి. ఆ ఉత్తరం పేలేది అయిదో అంకంలో. మధ్యలో రాక్షసుడు వేసే ప్రతి ఎత్తూ అతన్ని ఉచ్చులోకే తీసుకువెళ్తుంటే మనం చూస్తూ కూర్చుంటాం. ఇప్పటి రచయిత అయితే ఆ ఉత్తరం సంగతి చివరిదాకా దాచి, ‘అంతా చాణక్యుడి పనే’ అని క్లైమాక్సులో ఫ్లాష్‌బ్యాక్ వేసేవాడేమో. అప్పుడు ఆ నాటకం ఇన్ని శతాబ్దాలు నిలిచేదని నేను అనుకోను.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమా భాషలో సూత్రీకరించింది ఇదే. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో తనతో చేసిన సుదీర్ఘ సంభాషణలో హిచ్‌కాక్ ఇచ్చిన బాంబు ఉదాహరణ సినిమా చదువుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే చూపించి, గోడ గడియారం కూడా చూపిస్తే, అదే పొల్లు కబురు పదిహేను నిమిషాల ఉత్కంఠగా మారుతుంది. ఆయన దీన్ని మాటగా చెప్పి ఊరుకోలేదు, సొంత సినిమానే పణంగా పెట్టాడు. ‘వెర్టిగో’కు మూలమైన బొయిలో, నార్సెజాక్‌ల ఫ్రెంచి నవల అసలు రహస్యాన్ని చివరిదాకా దాస్తుంది. 1958లో తీసిన సినిమాలో హిచ్‌కాక్ దాన్ని మూడింట రెండు వంతులు గడిచేసరికే మనకు చెప్పేశాడు. అక్కడినుంచి ‘ఆమె ఎవరు’ అన్న ప్రశ్న పోయి ‘అతనికి తెలిస్తే ఏమవుతుంది’ అన్న ప్రశ్న వచ్చింది. మొదటిది కుతూహలం. రెండోది భయం, జాలి, అపరాధం కలగలిసిన బరువు. బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 2012లో ప్రపంచ విమర్శకులతో జరిపిన ఓటింగులో మొదటి స్థానం దక్కింది ట్విస్టును ముందే చెప్పేసిన ఆ థ్రిల్లర్‌కే.

మనకు దగ్గరి సాక్ష్యం ‘దృశ్యం’. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీసిన ఈ కథ మరుసటి ఏడాది శ్రీప్రియ దర్శకత్వంలో, వెంకటేశ్ నాయకుడిగా తెలుగులోకి వచ్చింది. హత్య ఎవరు చేశారో, ఎందుకు చేశారో అందులో దాచనే లేదు. సినిమా సగంలోనే అంతా మన కళ్లముందు జరుగుతుంది. ఆ తర్వాత మనం కూడా ఆ కుటుంబంలో ఒకరమై, పోలీసుల ముందు నోరు జారకూడదని వణుకుతూ కూర్చుంటాం. దాచింది ఒక్కటే, శవం ఎక్కడుంది అన్నది. అది చివరి షాట్లలో తెలుస్తుంది. అయితే నా వాదనకు అసలు బలం 2021లో వచ్చిన రెండో భాగంలో ఉంది. మొదటి భాగంలో ఆఖరి మెరుపుగా వచ్చిన సంగతి, రెండో భాగంలో మొదటి నిమిషాల నుంచే బల్ల కింద బాంబు అయింది. శవం పోలీస్ స్టేషన్ కిందే ఉందని మనకు తెలుసు, ఆ రాత్రి నాయకుడు అక్కడినుంచి బయటికి రావడం చూసినవాడు ఒకడున్నాడనీ తెలుసు, నాయకుడికి మాత్రం ఆ సాక్షి సంగతి తెలియదు. ఒకే రహస్యాన్ని ఒకసారి దాచీ, ఒకసారి చెప్పీ రెండు సినిమాలు నడిపించారంటే బలం రహస్యంలో లేదనే కదా. పైగా ఆ నాయకుడు చదువు పెద్దగా లేని కేబుల్ ఆపరేటరు, సినిమాలు చూసి చూసి వాటి పని తీరు పట్టుకున్నవాడు. ఏ సాక్షికి ఏ రోజు గుర్తుండాలో నిర్ణయించి, ఊరి జ్ఞాపకాలనే ఎడిట్ చేస్తాడు. థ్రిల్లర్ మెళకువల్ని అధ్యయనం చేసిన విద్యార్థినే కథానాయకుణ్ని చేశాడు జీతూ జోసెఫ్.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ‘సైకో’. 1960లో హిచ్‌కాకే కదా, ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రకటనలు ఇచ్చి, సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టింది? నిజమే. ఆశ్చర్యానికి విలువ లేదని నేను అనడం లేదు. మొదటిసారి చూసేవాడికి అది దక్కాల్సిందే, దాన్ని పోస్టులు పెట్టి చెడగొట్టడం సంస్కారం కాదు. కానీ ఆ షరతు ముఖ్యంగా కాపాడింది దేన్ని? కథానాయిక అనుకున్న మనిషి సినిమా సగం కాకముందే చనిపోవడాన్ని. ఆలస్యంగా వచ్చినవాడు పెద్ద తార కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు కనుక. ఇక ఆ రహస్యాలన్నీ లోకానికి తెలిసి ఆరు దశాబ్దాలు దాటినా ‘సైకో’ ఇంకా ఆడుతూనే ఉంది. 2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 కథానికలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే చెప్పి చదివించినప్పుడే పాఠకులు ఎక్కువ ఆనందించారని తేలింది. తర్వాతి అధ్యయనాలు కొన్ని దీనికి విరుద్ధంగా తేల్చాయి కాబట్టి ఇది తిరుగులేని రుజువు కాదు. ముగింపు తెలియగానే కథ చచ్చిపోతుందన్న నమ్మకం మాత్రం నిలవదని చెప్పడానికి ఇది చాలు.

మెళకువల్ని విడదీసి చూస్తే థ్రిల్ పోతుందని మరికొందరి భయం. సంగీతం విషయంలో మనం ఇలా అనుకోం. రాగం పట్టుకోగలిగినవాడు కచేరీలో ఎక్కువ వింటాడే గానీ తక్కువ వినడు. హిచ్‌కాక్ ‘సాబొటాజ్’ (1936)లో ఓ కుర్రాడు బాంబని తెలియక ఒక పొట్లాన్ని లండన్ బస్సులో తీసుకువెళ్లే ఘట్టాన్ని ఒకసారి మామూలుగా, రెండోసారి షాట్లు లెక్కపెడుతూ చూడాలి. పొట్లం, గడియారం, ఆగిన ట్రాఫిక్, పక్క ప్రయాణికురాలి ఒళ్లోని కుక్కపిల్ల, మళ్లీ గడియారం. ప్రతి షాటు కాలాన్ని సాగదీస్తూనే ఆ పిల్లవాడి మీద మన మమకారం పెంచుతుంది. చివరికి బాంబు పేలి పిల్లవాడు చనిపోతాడు. అలా చేయడం పొరపాటని హిచ్‌కాక్ తర్వాత ఒప్పుకున్నాడు. అంతసేపు భయపెట్టిన ప్రేక్షకుడికి ఊరట ఇవ్వాలన్న కట్టుబాటు ఉత్తిపుణ్యానికి పుట్టలేదని దాన్ని మీరినప్పుడే ఆయనకు తెలిసింది. నేపథ్య సంగీతం గురించీ ఇలాంటి పాఠమే ఉంది. ‘సైకో’కు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలతో మాత్రమే స్వరాలు కట్టాడు. మూడేళ్ల తర్వాత ‘ది బర్డ్స్’లో మామూలు నేపథ్య సంగీతమే లేదు, రెక్కల చప్పుడూ అరుపులూ తప్ప. ఇవాళ మన థ్రిల్లర్లలో తలుపు తెరిచినా, ఫోను మోగినా నేపథ్య సంగీతం చెవులు బద్దలు కొడుతోంది. సన్నివేశంలో భయం పుట్టించలేనప్పుడు దాన్ని స్పీకర్లలో పుట్టించే ప్రయత్నం అది. ఉలికిపడటం ఒంటికి జరిగేది, ఉత్కంఠ మనసుకు జరిగేది. వాల్యూమ్ పెంచితే మొదటిదే వస్తుంది.

మన ప్రేక్షకుడు వేరు, మన సినిమాకు పాటలున్నాయి, ఇంటర్వెల్ ఉంది, ఈ సూత్రాలు ఇక్కడ సాగవు అనే మాటా ఉంది. తెలుగు సినిమాయే దీన్ని ఎప్పుడో పూర్వపక్షం చేసింది. వంశీ ‘అన్వేషణ’ (1985) నిండా ఇళయరాజా పాటలున్నాయి. అయినా ఉత్కంఠకు అవి అడ్డం రాలేదు. రామ్‌గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991)లో దోచిన సొమ్ముకు దారి చూపే ఆధారం తనకు తెలియకుండానే శ్రీదేవి చేతికి చేరుతుంది. ఆ అమాయకత్వం లోంచే హాస్యమూ పుట్టింది, ప్రమాదమూ పుట్టింది. చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) పూర్తిగా వేరే దారి: జీవితంలో ఒక రోజు ఏమైపోయిందో నాయికకీ తెలియదు, మనకీ తెలియదు, ఇద్దరం కలిసే వెతుకుతాం. ఎరుకను పంచే పద్ధతులు ఇన్ని ఉన్నాయని మన దర్శకులు చేసి చూపించాక, చివర్లో మంచివాణ్ని చెడ్డవాడిగా తేల్చే ఒక్క కిటుకునే పట్టుకుని వేలాడటం దేనికి? ఇంటర్వెల్ కూడా అడ్డంకి కాదు. బ్యాంగ్ కోసం ఎవరినో హఠాత్తుగా చంపడం ఒక పద్ధతి. ప్రేక్షకుడి చేతిలో ఒక ప్రమాదకరమైన నిజం పెట్టి, పదిహేను నిమిషాలు టీ కొట్టు దగ్గర నిలబెట్టడం మరో పద్ధతి. అధ్యయనం వల్ల అందరూ ఒకే మూసలో తీస్తారన్న భయానికీ జవాబు ఇందులోనే ఉంది. మూస పుట్టేది చదవకపోవడం వల్ల. ఆడిన సినిమా ఎందుకు ఆడిందో తెలియనివాడు దాని పైపై వేషాన్నే, ఆ వానా, ఆ టార్చిలైటూ, ఆ సైకో హంతకుడి బాల్యాన్నీ, మళ్లీ తీస్తాడు.

ప్రేక్షకుడు ఈ విద్య నేర్చుకోవాలనడానికి ఇంతకంటే గట్టి కారణం ఒకటుంది. ‘సైకో’లో శవం ఉన్న కారును మోటెల్ నడిపే నార్మన్ బురదగుంటలోకి తోస్తాడు. అది సగం మునిగి ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ క్షణంలో హాలంతా కారు మునగాలనే కోరుకుంటుంది. కాసేపటి క్రితం ఆ చనిపోయిన మనిషి పక్షాన ఉన్న మనల్ని, ఒక్క ముక్క సంభాషణ లేకుండా, నేరం కప్పిపుచ్చేవాడి పక్షానికి తిప్పేశాడు దర్శకుడు. థ్రిల్లర్‌కు అంత శక్తి ఉంది. మన పోలీసు థ్రిల్లర్లు ఆ శక్తిని దేనికి వాడుతున్నాయో చూడాలి. నిందితుడు ఎంత క్రూరుడో మనకు ముందే చూపిస్తారు. గడియారం తిరుగుతుంటుంది, ఎక్కడో ఒక పాప బందీగా ఉంటుంది. అప్పుడు అధికారి లాకప్పులో లాఠీ ఎత్తితే ఈలలు పడతాయి. ఆ ఈల వెనక ఉన్న నిశ్చయం మనకు ఇచ్చింది దర్శకుడు. నిజ జీవితంలో ఏ అధికారికీ అలాంటి షాటు ఎవరూ చూపించరు. అతనికి ఉండేది అనుమానం మాత్రమే. అందుకే 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకూ నిర్బంధానికీ 11 నిబంధనలు పెట్టింది. ఆ పోలీసు థ్రిల్లర్లకు పూర్తిగా ఎదురు దిశలో నడిచింది ‘దృశ్యం’. అక్కడ నిజం కుటుంబం దగ్గర, మన దగ్గర ఉంది. కాబట్టి కానిస్టేబుల్ చిన్నపిల్లను కొడుతుంటే ఆ దెబ్బ మనకు తగులుతుంది. పోలీసుల అనుమానం నిజానికి సరైనదే, వాళ్లు వెతుకుతున్న నేరం జరిగింది కూడా. అయినా ఆ దెబ్బను మనం సమర్థించలేం.

సినిమాను సినిమాగా చూడాలి, అంత లోతుకు వెళ్లకూడదని అంటారు. ఈ సినిమాలు చూసే జనం ఎన్‌కౌంటర్లకు చప్పట్లు కొడుతున్నారని తేల్చి చెప్పే ఆధారం నా దగ్గర లేదు, అలా నిందించడం న్యాయం కాదు కూడా. నేను అడుగుతున్నది నిషేధమూ కాదు, కొత్త సెన్సారూ కాదు. కాలేజీల్లో సినిమా క్లబ్బులున్నాయి, జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ కోర్సులున్నాయి. మంచి తెలుగు స్క్రీన్‌ప్లేలు పుస్తకాలుగా మరిన్ని రావాలి. ఒక థ్రిల్లర్ తీసుకుని ప్రతి సన్నివేశం పక్కనా అప్పటికి ఎవరికి ఏం తెలుసో రాయించాలి. ఒక ఘట్టాన్ని ధ్వని తీసేసి చూపించాలి. ఆ తర్వాత లాకప్పు సన్నివేశానికి వచ్చి, నిందితుడు నేరం చేస్తుండగా మనకు ముందే చూపించిన షాట్లను మాత్రం తొలగించి, మిగతా సినిమాను ఉన్నదున్నట్టుగా వేసి, లాఠీ లేచినప్పుడు ఈసారి ఎవరికి ఏమనిపించిందో విద్యార్థుల్ని అడగాలి.