నీళ్ల తారీఖు చెబితే ఊపిరి అదే ఆడుతుంది

పోయిన వానాకాలం నారుమళ్లు పోసే రోజుల్లో మా రైతు వేదికలో మీటింగు అంటే పోయాం. ఎరువుల సంగతి చెప్పడం అయిపోయినంక ఒక చిన్నమ్మాయి లేచి, రైతులు ఒత్తిడి తగ్గించుకోవడానికి తేలిక మార్గాలు చెబుతానంది. కళ్లు మూసుకోండి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి అని మొదలుపెట్టింది. వెనక వరుసలో కూర్చున్న ముసలాయన ఒకరు, "బిడ్డా, కాలువకు నీళ్లెప్పుడొస్తయో చెప్పు, ఊపిరి అదే ఆడుతది" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మీటింగు అక్కడితో ముగిసింది.

ఆ ముసలాయన మాట ఇప్పటికీ నిజమే అంటాను. మన సాగర్ ఎడమ కాలువ కింద ఒత్తిడి ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, తారీఖు తెలియకపోవడం నుంచి వచ్చేది. 2023-24లో డ్యాంలో నీళ్లు లేక యాసంగి పంటకు కాలువ ఇవ్వలేదు. బోరున్నవాడు బోరు మీద, లేనివాడు దేవుడి మీద భారం వేశాడు. సరే, కరువు ఎవరి చేతిలో లేదనుకుందాం. మరుసటి వానాకాలం 2024 సెప్టెంబరు 1న అదే కాలువకు నడిగూడెం మండలంలో గండి పడింది. ఏడాది కింద నీళ్లు లేక బీడుపడిన పొలాల్లోనే నీళ్లెక్కువై ఇసుక మేట వేసింది. గండి పూడేదాకా దిగువ ఆయకట్టు వాళ్లది మళ్లీ ఎదురుచూపే. ఇట్లాంటి కాలువ కింద సేద్యం చేసేవాణ్ణి పట్టుకుని కళ్లు మూసుకో అంటే నవ్వు రాదా మరి.

కానీ నేను నవ్విన నవ్వు నాకే తిరిగొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆగస్టులో యూరియా కోసం తెల్లవారుజామునే పోయి చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ సంగతి మీకెవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ లైన్లో నా ముందు పక్క ఊరి కౌలు రైతు ఒకతను ఉన్నాడు. తెలిసిన పిల్లవాడే, నలభై దాటలేదు. "అన్నా, వారం నుంచి నిద్ర పడ్తలేదే" అన్నాడు. నేను, "ఎవరికి పడుతుంది తమ్మీ ఈ కాలంలో" అని, అప్పుడే వచ్చిన లారీలో ఎన్ని బస్తాలున్నాయో చూద్దామని ముందుకు నడిచాను. అతను మళ్లీ ఏమీ అనలేదు. పది రోజులు తిరగకముందే అతని ఇంటి ముందు టెంటు వేశారు.

అందరితోపాటు నేనూ పోయాను. సంఘం తరఫున దండ వేశాం. పరిహారం ఇవ్వాలని వినతిపత్రం రాశాం. రైతు బీమా ఐదు లక్షలు ఆ ఇంటికి రాలేదు, ఎందుకంటే ఆయన పేరు మీద పట్టా పాసుపుస్తకం లేదు. కౌలు రైతు చచ్చిపోయినా ప్రభుత్వం లెక్కలో రైతు కాడు. దీని మీద మనం ధర్నాలు చేస్తున్నాం, ఇక ముందూ చేస్తాం. కానీ ఆ రోజు దండ పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు ఒకటే గుర్తుకొచ్చింది. బతికున్నప్పుడు అతను నన్నొక మాట అడిగాడు, నేను జవాబిచ్చి నడిచిపోయాను. సంఘం అని చెప్పుకునే మనం ఎక్కువసార్లు టెంటు వేసినంకే పోతున్నాం. ఈ మాట రాస్తే మనవాళ్లలో కొందరికి కోపం వస్తుందని తెలుసు.

ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పిన ఊపిరి సంగతికి వస్తాను. కార్తీకంలో మా వడ్లు కొనుగోలు కేంద్రంలో పదకొండు రోజులున్నాయి. తేమ 17 శాతం దాటొద్దంటారు. ఎండబోస్తాం, సాయంత్రానికి మబ్బు పడుతుంది, పరదాలు కప్పుతాం, పొద్దున మళ్లీ 19 చూపిస్తుంది. గన్నీ సంచులు లేవంటారు, అవి వస్తే లారీ లేదంటారు, లారీ వస్తే మిల్లులో దించుకోవడం లేదంటారు. తొమ్మిదో రోజు రాత్రి తరుగు దగ్గర మాటా మాటా పెరిగి, కాంటా పెట్టే పిల్లగాడి మీద చెయ్యి లేపాను. నా కొడుకు వయసు వాడు, వాడిదేం తప్పు? మా వాడు నన్ను పక్కకు లాక్కుపోయి సంచుల మీద కూర్చోబెట్టాడు. గుండె దడదడ కొట్టుకుంటోంది. వేరే దారి తోచక ఆ అమ్మాయి చెప్పినట్టే చేశాను. నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలడం. పీల్చిన దానికంటే వదిలేది నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుందట. ఐదు నిమిషాల తర్వాత నిజంగానే తగ్గింది. వడ్ల తేమ మాత్రం 19 దగ్గరే ఉంది, అది వేరే సంగతి. కానీ ఆ రాత్రి పోలీసు కేసు కాకుండా పోయింది. మర్నాడు పొద్దున చల్లటి తలతో పోయి, మిషన్ చూపించిన తేమ కాగితం మీద రాసివ్వమని పది మందిమి కలిసి అడిగితే రాసిచ్చారు. కోపంగా ఉన్నన్నాళ్లూ ఈ ఆలోచనే రాలేదు.

మనకు తెలిసిన తేలిక మార్గం ఇంకొకటుంది, బెల్టు షాపు. ఊళ్లో మంచినీళ్లు దొరకని పూట ఉంటుంది కానీ అది దొరకని పూట లేదు. రోజుకు 200 అనుకుంటే నెలకు 6000, అంటే 1350 రేటున నాలుగు డీఏపీ బస్తాలు. పైసలు పోనీయండి. తాగి పడుకుంటే నిద్ర పట్టినట్టే పట్టి అర్ధరాత్రి మెలకువ వస్తుంది, అప్పులన్నీ ఆ టైంకే గుర్తుకొస్తాయి. నేనూ ఒకప్పుడు అలవాటున్నవాణ్ణే, సుద్దులు చెప్పడానికి ఇది రాయడం లేదు.

అప్పు సంగతిలో నాకు పనికొచ్చింది ఒక చిన్న నోటుబుక్కు. బ్యాంకులో ఎంత, బంగారం మీద ఎంత, మందుల షాపులో ఖాతా ఎంత, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది ఎంత అని ఒక రాత్రి కూర్చుని రాశాను. అన్నీ కలిపితే నేను భయపడ్డ దానికంటే తక్కువేం కాలేదు. కానీ తలలో తిరిగే అప్పుకు అంతుండదు, కాగితం మీద అప్పుకు ఒక అంకె ఉంటుంది. ఏది ముందు కట్టాలో, ఎవరిని ఆగమని అడగొచ్చో కనబడింది. అన్నిటికంటే కష్టమైన పని ఆ బుక్కు మా ఇంటామెకు చూపించడం. ఆమె రెండు పేజీలు తిరగేసి, "సగం నాకు తెలుసు" అంది. మన ఆడవాళ్లు నాట్లకు పోయినా, పొదుపు సంఘానికి పోయినా కష్టమో నష్టమో ఒకరికొకరు చెప్పుకుంటారు. మగవాళ్లం టీ కొట్టు దగ్గర పొద్దంతా కూర్చుని ఢిల్లీ రాజకీయం మాట్లాడతాం, ఇంటి అప్పు మాట ఒక్కటి రానివ్వం.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పురుగు మందు, గడ్డి మందు ఇంట్లో మంచం కిందా గూట్లోనూ పెట్టకండి. ఆ రోజుకు కావలసినంతే తెచ్చుకోండి, మిగిలితే పెట్టెలో వేసి తాళం పెట్టి, తాళంచెవి ఇంట్లో ఇంకొకరికివ్వండి. పారాక్వాట్ గడ్డి మందుకు విరుగుడు లేదు. చావాలన్న ఆలోచన చాలామందికి కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపూ మందు చేతికందకపోతే మనిషి నిలబడతాడు. శ్రీలంకలో పారాక్వాట్‌తో పాటు బాగా విషమున్న మందులు కొన్నిటిని ఆపేసినంక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. కేరళ 2011లోనే పారాక్వాట్‌ను ఆపింది. ఆ దేశంలోనూ ఆ రాష్ట్రంలోనూ వరి పండుతూనే ఉంది. మన దగ్గర ఆపమని అడగడం సంఘం పని కాదా?

14416 అనే నంబరు రాసిపెట్టుకోండి. టెలీ మానస్ అంటారు, 2022లో కేంద్రం పెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టడం లేదని చెప్పినా వింటారు. ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బయటపడితే కేసవుతుందని ఆస్పత్రికి తీసుకుపోకుండా దాచొద్దు. అట్లాంటి మనిషిని శిక్షించకూడదని 2017 చట్టంలోనే ఉంది.

ఇక సర్కారును అడగాల్సింది అడుగుదాం. యాసంగికి ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో నీళ్లిస్తే ఇవ్వండి, కానీ ఏ మేజరుకు ఏ తారీఖున వదులుతారో, ఏ తారీఖున కడతారో నారు పోయకముందే పంచాయతీ గోడ మీద రాయండి. రానిచోట రాదనే రాయండి. రాదని తెలిస్తే ఆరుతడి పంట వేసుకుంటాం, వస్తుందో రాదో తెలియకపోతేనే మనిషి నలిగిపోతాడు. వడ్లు కాంటా అయిన రోజే పైసలు పడే తారీఖు చీటీ మీద వేయండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక పెన్ను చాలు.

సంఘం గ్రామ కమిటీలకు నాదొక విన్నపం. నెల మీటింగులో తీర్మానాల కంటే ముందు పావుగంట తీసిపెట్టండి. ఎవరు రాలేదో చూడండి, రానివాళ్లలో కౌలుకు చేసేవాళ్లెవరో చూడండి, ఇద్దరు పోయి పలకరించి రండి. మా ఊళ్లో వచ్చే సోమవారం పొద్దుగూకినంక తూము దగ్గర వేపచెట్టు కింద కూర్చుంటున్నాం. నీళ్ల తారీఖుల కోసం ఇంజనీరు ఆఫీసుకు ఇచ్చే కాగితం అక్కడే రాస్తాం. పక్క ఊళ్ల కౌలు రైతులు కూడా రావాలి. టీ ఖర్చు నాది.