కొలువు పోయింది, పేటకు పేరు మిగిలింది

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటగానే బర్కస్ వస్తుంది. తోపుడు బండ్ల మీద జామపండ్లు, లుంగీలు కట్టిన పెద్దమనుషులు, గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన హరీస్ ఘుమఘుమలు. పేరు వింటే అరబ్బీ మాటేమో అనిపిస్తుంది గానీ, అది ‘బ్యారక్స్’ జనం నోట్లో నాని అరిగిన రూపం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బస అది. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌దీ అదే కథ. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం అశ్వదళంలోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల పేట.

రెండు పేటలకూ కొలువే పేరు పెట్టింది. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక ఆ కొలువులు పోయాయి. చేతిలో ఏం మిగిలిందన్న దాన్ని బట్టే వారి దారులు వేరయ్యాయి.

అరబ్బులకు ఇంటిపేర్లు మిగిలాయి. ‘బిన్’, ‘అల్’ అంటూ సాగే ఆ పేర్ల వెనక హద్రమౌత్‌లో ఊరూ వంశమూ ఉన్నాయి. నిజాం కొలువులో జమేదారుగా గడించిన సొమ్ముతోనే ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అక్కడ ఒక రాజ్యానికి పునాది వేశాడు. 1967 దాకా అది నిలిచింది. 1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగినప్పుడు ఆ బంధుత్వాలు కొందరికి దారి చూపాయి. సిద్దీలకు అలా చెప్పుకోవడానికి తెలిసిన ఊరు లేదు. పేరు మార్చుకున్నా ముఖం చూసి ‘ఎక్కడి నుంచి వచ్చారు?’ అని అడిగే నగరంలో వారికి మిగిలింది మర్ఫా డప్పుల దరువు. పెళ్లి ఊరేగింపులో ఆ దరువుకు చిందేసే నగరం, వాయించేవాడి బతుకు గురించి అడగదు.

ప్రభుత్వ లెక్క మరో రకం. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉమ్మడి రాష్ట్రం 2007లో చేసిన చట్టం కొన్ని వర్గాలను గుర్తించింది. వాటిలో సిద్దీలున్నారు, అరబ్బులను మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించారు. మొత్తంగా చూస్తే ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ గల్ఫ్ డబ్బు అందని బర్కస్ ఇంటికీ అదే ముద్ర పడింది. సిద్దీల సంగతీ అంతే: కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో 2003 నుంచి వారు షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ ఆ 4 శాతం కోటా కింది బీసీ-ఈ. సరిహద్దు దాటితే మనిషి మారడు, కాగితం మారుతుంది.

గుర్తింపు అంటే కేవలం మనసులోని అభిమానం కాదని ఈ రెండు పేటలు చెబుతున్నాయి. కొందరికి అది వీసా అయింది, కొందరికి డప్పయింది. అందుకే వెనుకబాటును వంశం పేరుతో తేల్చకుండా పేటవారీగా చదువు, ఉపాధి లెక్కగట్టాలి. వారి తాతలను ఈ నగరం పిలిచింది పని చూసి. మనవలను వంశం చూసి తూచడం ఏం న్యాయం?