సలహా – ఓర్పు

సలహా ఉచితముగా లభించును గనుక దానికి విలువ లేదని కొందరు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. మంచి సలహా యిచ్చుటకు పని తెలిసియుండవలెను. ఎదుటివాని మాట తుదివరకు వినవలెను. దానిని గ్రహించుటకు వినయము కావలెను. ఈ రెండింటికిని మూలము ఓర్పు. లోహముతో పనిచేయువారి నడుమ ఈ సంగతి మిక్కిలి స్పష్టముగా గోచరించును. ఏలయన, అక్కడ మాటలోని పొరపాటు మాటతోనే పోదు. దానివలన ఇనుము పాడగును, పనిముట్టు విరుగును, ఒక్కొక్కప్పుడు వ్రేలు తెగును.

ఓరుగల్లు సీమకు లోహపుపని క్రొత్తది కాదు. నేడు జనగామ జిల్లాలో చేరిన పెంబర్తి గ్రామమున ఇత్తడి రేకులను తీర్చిదిద్దు శిల్పులు తరతరములుగా నున్నారు. వరంగల్లున 1934లో నెలకొల్పబడిన ఆజంజాహీ మిల్లు నేడు లేదు గాని, యంత్రముల నడుమ బ్రదుకు పనివారిని ఆ నగరము ఆ దినములనుండియే యెరుగును. 1959లో అచ్చట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ఏర్పడెను. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారెను. ఇట్టి చోట్ల ఉపాధికై యంత్రపుపని చేయువారు మాత్రమే గాక, కేవలము ముచ్చటకై చేయువారును ఉందురు. ఇంటి వసారాలో చిన్న లేతు యంత్రమును నిలుపుకొని, తీరిక వేళల ఆటబొమ్మవంటి ఆవిరియంత్రమునో, పాత పంపునకు కావలసిన భాగమునో చేసికొనుట వారికి వేడుక. వారికి ప్రక్కన నిలిచి నేర్పు గురువు ఉండడు. కావున తెలిసినవారిని అడుగక తప్పదు. నేడు ఫోనుతో ఛాయాచిత్రమును తీసి, దూరమున నున్న నిపుణునికి పంపి అడుగుటయు సులభమైనది. అడుగుట సులభమైనంత మాత్రమున చెప్పుటయు, వినుటయు సులభమగునా?

ఒక చిన్న ప్రశ్నను తీసికొందము. “లేతును ఎంత వేగముగా త్రిప్పవలెను?” అని ఒక బాలుడు అడిగెననుకొనుడు. తెలిసినవాడు వెంటనే ఒక సంఖ్య చెప్పవచ్చును. కాని ఆ సంఖ్య దేనికి? హైస్పీడు ఉక్కుతో చేసిన టూలుతో మెత్తని ఉక్కు కడ్డీని చెక్కునపుడు, కడ్డీ ఉపరితలము నిమిషమునకు సుమారు 25 మీటర్ల చొప్పున టూలు మొనను దాటిపోవుట మంచిది. కడ్డీ వ్యాసము 25 మిల్లీమీటర్లైనచో, నిమిషమునకు సుమారు 320 చుట్లు త్రిప్పవలెను. వ్యాసము 50 మిల్లీమీటర్లైనచో 160 చుట్లు చాలును. కడ్డీ ఇత్తడిదైనచో అంతకు రెట్టింపు వేగమునైనను సహించును. కావున లోహమేది, కడ్డీ యెంత లావు, టూలు దేనితో చేయబడినది అని అడుగకుండ చెప్పిన సమాధానము, రోగిని చూడక యిచ్చిన మందువంటిది. సలహా యిచ్చువాని మొదటి కర్తవ్యము చెప్పుట కాదు, అడుగుట.

అడుగువానికిని కర్తవ్యము కలదు. “నా లేతు సరిగా పనిచేయుట లేదు, ఏమి చేయుదును?” అన్నచో ఎవరేమి చెప్పగలరు? కడ్డీమీద అలలవలె గీతలు పడుచున్నవా? పడుచున్నచో, టూలు తన పట్టునుండి ఎంత ముందునకు చాచియున్నది? దాని మొన మొద్దువారినదా? పొడవైన కడ్డీ రెండవ కొనకు ఆధారము కలదా? యంత్రపు జారుబల్లలు వదులైనవా? వీనిలో ఏదియైనను ఆ వణకునకు కారణము కావచ్చును. ఈ సంగతులను తాను ముందుగా పరిశీలించి, చూచినది చూచినట్లు చెప్పువానికి సమాధానము త్వరగా దొరకును. చాలమారు పరిశీలించుచుండగానే సమాధానము తనకే తోచును. సలహా పొందినవాడు మరియొక పనియు చేయవలెను. దానిని ఆచరించి, ఒక్కొక్క మార్పు మాత్రమే చేసి, ఫలితమును తిరిగి తెలుపవలెను. పని నెరవేరినచో చెప్పినవానికి సంతోషము. నెరవేరనిచో ఇరువురికిని క్రొత్త పాఠము. అడిగి, విని, మారుమాట లేక మరలిపోవువాడు తనకు తోడ్పడినవాని ఓర్పును అరగదీయుచున్నాడని యెరుగవలెను.

ఇద్దరు పెద్దలు రెండు విధములుగ చెప్పినపుడు పిల్లలు కలవరపడుదురు. ఒకరు అబద్ధమాడుచున్నారని తలంచుట తొందరపాటు. బోల్టునకు మర కోయుటను చూడుడు. ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికి ఒకే కొలత మరలుండవలెనని ప్రతిపాదించెను. అంతకు పూర్వము ఒక కర్మాగారపు నట్టు మరియొక కర్మాగారపు బోల్టునకు పట్టునను నమ్మకము లేదు. అతడు నిర్ణయించిన మర కోణము 55 డిగ్రీలు. నేడు వాడుకలోనున్న మెట్రిక్ మర కోణము 60 డిగ్రీలు. పాత ఆంగ్ల యంత్రములపై పని నేర్చిన వృద్ధుడు 55 అనును. నేటి శిక్షణాలయమున చదివిన యువకుడు 60 అనును. ఇరువురును సత్యమే పలికిరి. కావలసినది వారిలో గెలిచినవానిని నిర్ణయించుట కాదు. నా చేతిలోని బోల్టు ఏ జాతిదని తెలిసికొనుట. భిన్నమైన సలహాలు విన్నపుడు, “మీరు ఏ యంత్రమున, ఏ పనిలో ఇది నేర్చితిరి?” యని మర్యాదతో అడిగినచో, వివాదము విద్యగా మారును.

కొందరు ఇట్లు వాదింతురు: “పూర్వము గురువులు కఠినులు. తిట్టియే నేర్పిరి. ఆ తిట్లవలననే పనివారు నిపుణులైరి. మెత్తని మాటలతో పని రాదు.” ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. పనియందు కచ్చితము అవసరమే. మిల్లీమీటరులో నూరవ వంతు తేడాయు కొన్ని చోట్ల తప్పే యగును. కాని పనిని కఠినముగా పరీక్షించుట వేరు, పనివానిని అవమానించుట వేరు. “ఈ కొలత తప్పు, మరల చూడుము” అన్నది మొదటిది. “ఇంతమాత్రము తెలియదా?” అన్నది రెండవది. అవమానింపబడినవాడు నేర్చుకొనుట మానడు, అడుగుట మానును. అడుగుట మానినవాడు తెలియనిదానిని తెలిసినట్లు నటించును. యంత్రశాలలో ఇంతకంటె భయంకరమైనది లేదు. లేతు చక్కునకు తాళపుచెవి పెట్టి దానిని తీయుట మరచి యంత్రమును నడపినచో, అది రాయివలె ఎగిరివచ్చి తగులును. తిరుగు కడ్డీ దగ్గర చేతితొడుగులు, వ్రేలాడు చొక్కా చేతులు, విడిచిన జడ, జారు ఓణీ ప్రాణాపాయకరములు. “ఇది అడిగిన నవ్వుదురేమో” యని మౌనము వహించిన బాలుని చేతికి కలుగు గాయములో, నవ్వినవారికిని పాలు కలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. ఓర్పనగా ఆలస్యము కాదు. ప్రశ్న దేనిని గూర్చినదైనను, పంపిన చిత్రమున చక్కుతాళపుచెవి యథాస్థానమున మరచిపోబడి కన్పించినచో, మొదట దానినే చెప్పవలెను, నిమిషమైనను ఆగరాదు. అపాయమును గూర్చి నిర్మొహమాటముగా చెప్పుట దయయే. తక్కినదానిని నిదానముగా చెప్పవచ్చును.

మన ప్రాంతమున జరిగిన ఒక వృత్తాంతము ఈ విషయమును మరియొక వైపునుండి చూపును. వరంగల్లునుండి హైదరాబాదునకు పోవు రైలుదారిలో ఆలేరు కలదు. ఆ మండలమునందలి శారాజీపేటవాసి చింతకింది మల్లేశము చేనేత కుటుంబమున పుట్టెను. పోచంపల్లి రీతి చీర నేయుటకు ముందు దారమును కొయ్యలచుట్టు పోయవలెను. దానిని ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేతిని వేలకొలది పర్యాయములు క్రిందికిని మీదికిని ఆడింపవలెను. తల్లి లక్ష్మి భుజముల నొప్పితో బాధపడుట చూచి, ఆ పనిచేయు యంత్రమును నిర్మింపవలెనని అతడు 1992లో పూనుకొనెను. అతనికి ఇంజనీరింగు చదువు లేదు. ఊరివారిలో పలువురు ఆ పని మానుకొమ్మనిరి. కాని అతడు మానలేదు. హైదరాబాదున కూలిపని చేసికొనుచు, బాలానగరున ఒక యంత్రశాలలో ఒక యంత్రపు కదలికను శ్రద్ధతో చూచి, తన యంత్రమున కొరతపడిన కదలిక అదియేనని గ్రహించెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నొసగెను. “మానుకొమ్ము” అనునది సలహాలలోకెల్ల చౌకయైనది. చెప్పుటకు పని తెలియనక్కరలేదు. పని తెలిసినవాడు “ఎచ్చట ఆగినది? చూపుము” అనును.

ఇట్టి పెద్దమనసునకు ఇంగ్లండు చరిత్రలోను నిదర్శనము కలదు. 1829లో జేమ్స్ నాస్మిత్ అను ఇరువదియేండ్ల యువకుడు తాను స్వయముగా చేసిన చిన్న ఆవిరియంత్రమును తీసికొని, లండనున ప్రసిద్ధ యంత్రనిర్మాతయైన హెన్రీ మాడ్స్‌లేను చూడబోయెను. శిష్యులవలన విసిగిన మాడ్స్‌లే అప్పటికి శిష్యులను చేర్చుకొనుట మానియుండెను. అయినను యువకుడు తెచ్చిన పనిని ఓపికతో పరిశీలించి, అతనిని తనకు సహాయకునిగా చేర్చుకొనెను. ఆ యువకుడే తరువాత ఆవిరి సుత్తిని రూపొందించి ప్రఖ్యాతుడయ్యెను. గమనింపుడు: యువకుడు వట్టిచేతులతో పోలేదు, తాను చేసినదానిని చూపెను. పెద్దవాడు వట్టిమాటతో పంపివేయలేదు, చూపినదానిని చూచెను. సలహా ఫలించుటకు ఈ రెండును కావలెను.

బాలబాలికలారా! మీరు లేతు ముందు నిలువకపోవచ్చును. సైకిలు బాగుచేయునపుడో, లెక్క చేయునపుడో, కుట్టుపని నేర్చునపుడో మీరును సలహా అడుగుదురు. మీకంటె చిన్నవారు మిమ్మును అడుగుదురు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు చెప్పిరి. కావున సిగ్గుపడక అడుగుడు. కాని చూచినది వివరించి అడుగుడు. మిమ్మును అడిగినవానిని నవ్వకుడు. పదిమారులు విన్న ప్రశ్నయైనను, అడుగువానికి అది మొదటి మారని తలంపుడు. మీకు తెలియనిచో తెలియదని చెప్పి, తెలిసినవారిని చూపుడు. నేడు మీరు ఓర్పుతో ఒకనికి నేర్పిన పని, రేపు అతడు మరియొకనికి నేర్పును. చేతిపనులన్నియు ఇన్ని తరములుగా మనవరకు వచ్చినది ఈ త్రోవనే.